కాసాబ్లాంకా: వీసా కోసం వేచిన ప్రేమకథ

అది 1941 డిసెంబరు మాసం. ఫ్రెంచి మొరాకోలోని కాసాబ్లాంకా నగరంలో ఒక మధుశాల. రాత్రివేళ. ఒక మూల జర్మన్ సైనికాధికారులు పియానో చుట్టూ చేరి తమ దేశభక్తి గీతాన్ని గొంతెత్తి పాడుతూ ఉంటారు. మిగిలిన బల్లల వద్ద కూర్చున్నవారిలో చాలామంది దేశాలు పోగొట్టుకున్నవారు. తలలు వంచుకుని ఆ పాట వింటూ ఉంటారు. ఇంతలో విక్టర్ లాస్లో అనే చెక్ ప్రతిఘటనోద్యమ నాయకుడు విసవిసా నడిచివచ్చి, ఫ్రెంచి జాతీయగీతం వాయించమని వాద్యబృందాన్ని ఆదేశిస్తాడు. వాయిద్యగాళ్ళు యజమాని వంక చూస్తారు. యజమాని ఒక్క మాట కూడా పలకడు. తల మాత్రం ఊపుతాడు. మరుక్షణంలో మధుశాల అంతా లేచి నిలబడుతుంది. ఆ మహాఘోషలో జర్మన్ల పాట మునిగిపోతుంది. కొంచెం సేపటి క్రితమే ఒక జర్మన్ అధికారి చేయి పట్టుకుని లోనికి వచ్చిన యువతి, కన్నీళ్ళు చెంపల మీదుగా జారుతుండగా, అందరికంటె బిగ్గరగా పాడుతుంది.

‘కాసాబ్లాంకా’ చిత్రంలోని ఈ దృశ్యం నిడివిలో రెండు మూడు నిమిషాలకు మించదు. అయినా ఎనభై ఏళ్ళు దాటిన తరువాత కూడా దీనిని చూసిన ప్రేక్షకుల గొంతు గద్గదమవుతూనే ఉంది. దీనికి దర్శకుని ప్రతిభ ఒక్కటే కారణం కాదు. ఆ గదిలో నిలబడి పాడినవారిలో అనేకులు నిజంగానే నాజీల బారి నుండి పారిపోయి వచ్చినవారు. ఆ కన్నీరు పెట్టుకున్న యువతి కూడా వారిలో ఒకతె. ప్రేమకథగా లోకమంతటా పేరు మోసిన ఈ చిత్రాన్ని ఒక యుగానికి సాక్ష్యంగా చదవదలచినవారు ఆ కన్నీటి నుండే మొదలుపెట్టడం సమంజసం.

పారిస్ పతనం తరువాత

1940 జూన్ 14న జర్మన్ సేనలు పారిస్‌లో ప్రవేశించాయి. 22న ఫ్రాన్సు లొంగుబాటు ఒడంబడికపై సంతకం చేసింది. దేశంలో ఉత్తర భాగమూ అట్లాంటిక్ తీరమూ జర్మన్ల అధీనమయ్యాయి. దక్షిణాన విషీ అనే చిన్న పట్టణం ముఖ్యస్థానంగా మార్షల్ పెటాన్ నాయకత్వాన ఒక ప్రభుత్వం ఏర్పడింది. పేరుకు అది స్వతంత్ర ప్రభుత్వం. నడకకు హిట్లర్ నీడ. ఫ్రాన్సు సంరక్షణ కింద ఉండిన మొరాకో కూడా ఆ ప్రభుత్వపు చెప్పుచేతలలోకే వెళ్ళింది. లండన్ చేరిన జనరల్ డిగాల్ మాత్రం ఆ లొంగుబాటును అంగీకరించక, స్వేచ్ఛా ఫ్రాన్సు పేరిట పోరాటాన్ని కొనసాగించాడు.

ఐరోపా నలుమూలల నుండి ప్రాణభయంతో పరుగెత్తిన యూదులకు, రాజకీయ ఖైదీలకు, రచయితలకు, కళాకారులకు మిగిలిన ద్వారం ఒక్కటే. అది పోర్చుగల్ రాజధాని లిస్బన్. అక్కడి నుండి ఓడ దొరికితే అమెరికా ఖండం. చాలామంది మార్సెయ్ నగరం చేరి, పిరెనీస్ పర్వతాలు దాటి, స్పెయిన్ మీదుగా లిస్బన్‌కు వెళ్ళే ప్రయత్నం చేశారు. కొందరు మధ్యధరా సముద్రం దాటి, ఆఫ్రికా తీరం వెంట కాసాబ్లాంకా చేరారు. చిత్రం ఆరంభంలో తిరిగే భూగోళం, పటం మీద పాకే గీత ఈ రెండవ మార్గాన్నే చూపుతాయి.

ఆ మార్గంలో ప్రతి మజిలీలోనూ ఒక కాగితం కావాలి. దేశం విడిచిపోవడానికి అనుమతి ఒకటి, మధ్య దేశాన్ని దాటడానికి మరొకటి, గమ్యదేశం ఇచ్చే వీసా ఇంకొకటి. ఒకటి చేతికి వచ్చేలోగా మరొకదాని గడువు తీరిపోయేది. జర్మన్ తత్త్వవేత్త వాల్టర్ బెన్యమిన్ 1940 సెప్టెంబరులో కొండలు దాటి స్పెయిన్ సరిహద్దు గ్రామం పోర్ట్‌బూ చేరాడు. ఆయన వద్ద అమెరికా వీసా ఉన్నది. ఫ్రాన్సు విడిచిపోయే అనుమతి లేదు. వెనుకకు పంపివేస్తామని అధికారులు చెప్పిన రాత్రి ఆయన ప్రాణం తీసుకున్నాడు. కాగితం ముక్కకు మనిషి ప్రాణానికి మించిన విలువ వచ్చిన రోజులవి.

‘కాసాబ్లాంకా’ కథ అంతా ఈ కాగితం చుట్టూనే తిరుగుతుంది. చంపబడిన ఇద్దరు జర్మన్ దూతల వద్ద నుండి దొంగిలించిన రెండు ప్రయాణపత్రాలు మధుశాల యజమాని రిక్ చేతికి వస్తాయి. వాటిని ఎవరూ ప్రశ్నించరాదు, రద్దు చేయరాదు అని కథలో చెబుతారు. నిజజీవితంలో అటువంటి పత్రం ఏదీ లేదు. అది నాటక రచయితల కల్పన. కాని ఆ కల్పనను ఆనాటి ప్రేక్షకులు శంకించలేదు. ఏ ఆటంకమూ లేని ఒక్క అనుమతిపత్రం ఉంటే ఎంత బాగుండునని వేలమంది నిజంగానే కలలు కన్నారు. ఆ కలకే చిత్రం ఒక రూపం ఇచ్చింది.

పెర్ల్ హార్బర్ మరునాడు

కథకు మూలమైన నాటకాన్ని రాసినవారు మరీ బర్నెట్, జోన్ ఆలిసన్. బర్నెట్ న్యూయార్కులో ఉపాధ్యాయుడు. 1938లో హిట్లర్ ఆస్ట్రియాను కబళించిన కొద్ది మాసాలకే ఆయన భార్యతో కలిసి వియన్నా వెళ్ళి, అక్కడ చిక్కుపడిన యూదు బంధువులకు సహాయపడ్డాడు. యూదులపై సాగుతున్న దౌష్ట్యాన్ని కళ్ళారా చూశాడు. తిరుగు ప్రయాణంలో దక్షిణ ఫ్రాన్సులోని ఒక మధుశాలలో నానాదేశాల జనం నడుమ ఒక నీగ్రో కళాకారుడు పియానో వాయిస్తూ ఉండడం ఆయన మనస్సులో నిలిచిపోయింది. 1940లో ఆ రెండు అనుభవాలూ కలిసి నాటకమయ్యాయి. బ్రాడ్వేలో దానిని ప్రదర్శించడానికి ఎవరూ పూనుకోలేదు.

నాటకపు ప్రతి 1941 డిసెంబరు 8న వార్నర్ బ్రదర్స్ సంస్థ కథావిభాగానికి చేరింది. దానికి ముందు దినమే జపాన్ విమానాలు పెర్ల్ హార్బర్‌పై దాడి చేశాయి. నిన్నటిదాకా యుద్ధం ఇతరుల తగవు అని తలచిన అమెరికా ఆనాడు యుద్ధంలో దిగింది. అటువంటి ఘడియలో, ఎవరి జోలికీ పోనని భీష్మించుకున్న ఒక అమెరికన్ చివరకు తన పక్షమేదో తేల్చుకునే కథ సంస్థవారి చేతికి వచ్చింది. నిర్మాత హాల్ వాలిస్ 20,000 డాలర్లకు దాని హక్కులు కొన్నాడు. జూలియస్, ఫిలిప్ ఎప్‌స్టీన్ అనే కవల సోదరులు, హోవర్డ్ కాచ్ కథనం సమకూర్చారు. హంగరీ దేశీయుడు మైకేల్ కర్టిజ్ దర్శకుడు. 1942 మే 25న మొదలయిన చిత్రీకరణ ఆగస్టు 3న ముగిసింది. సంభాషణలు చాలా భాగం చిత్రీకరణ సాగుతుండగానే సిద్ధమయ్యాయి.

ఒక మనిషి, ఒక దేశం

హంఫ్రీ బోగార్ట్ ధరించిన రిక్ పాత్రను ఆనాటి అమెరికా నుండి వేరు చేసి చూడడం సాధ్యం కాదు. రిక్ 1935లో ఇటలీ దురాక్రమణను ఎదిరించిన అబిసీనియాకు ఆయుధాలు చేరవేసినవాడు. 1936లో స్పెయిన్‌లో ఫాసిస్టులపై పోరాడినవాడు. రెండు చోట్లా అతడు నిలిచిన పక్షం ఓడిపోయింది. పారిస్‌లో ప్రేమించిన ఇల్సా, వర్షం కురుస్తున్న రైల్వే స్టేషన్‌కు రాకుండా ఒక చీటీ మాత్రం పంపింది. అప్పటి నుండి అతడు ఎవరి కోసమూ తన తల ఇరకాటంలో పెట్టుకోనని పదే పదే చెబుతూ కాలం గడుపుతున్నాడు.

ఈ ధోరణి అతడొక్కడిది కాదు. మొదటి ప్రపంచయుద్ధంలో లక్షమందికి పైగా సైనికులను పోగొట్టుకున్న అమెరికా, ఐరోపా తగాదాలకు మళ్ళీ తలదూర్చరాదని భావించింది. 1930లలో పార్లమెంటు వరుసగా తటస్థతా శాసనాలు చేసింది. నాజీల దుష్కృత్యాలను తెరపై చూపడమే నేరమన్న వాతావరణం ఏర్పడింది. 1939లోనే నాజీ గూఢచారులపై చిత్రం తీసిన వార్నర్ సంస్థ అధిపతి హారీ వార్నర్, 1941 సెప్టెంబరులో సెనేట్ ఉపసంఘం ముందు నిలబడి, తాము యుద్ధోన్మాదాన్ని రెచ్చగొట్టడం లేదని సంజాయిషీ చెప్పుకోవలసి వచ్చింది. పెర్ల్ హార్బర్ దాడితో ఆ విచారణ కథ ముగిసింది.

ఈ నేపథ్యం తెలిసినవారికి, కథాకాలం 1941 డిసెంబరు కావడంలోని ఆంతర్యం బోధపడుతుంది. చిత్రంలో రిక్ ఒక పత్రంపై డిసెంబరు 2వ తేదీ వేసి సంతకం చేస్తాడు. ఆ రాత్రే పియానో పక్కన తాగుతూ, ఈ వేళ అమెరికా అంతటా జనం నిద్రిస్తూ ఉంటారని అంటాడు. ఆ నిద్ర మరి కొద్ది రోజులకే చెదరనున్నదని కథలోని పాత్రలకు తెలియదు, ప్రేక్షకులకు తెలుసు. వాద్యబృందం వంక చూసి రిక్ తల ఊపిన క్షణంలో వారు తమ దేశపు నిర్ణయాన్నే చూసుకున్నారు.

వేషం కాని వేషాలు

పేర్లు వేసిన నటీనటులలో అమెరికాలో పుట్టినవారు ముగ్గురే: బోగార్ట్, పియానో వాయించే శామ్‌గా నటించిన డూలీ విల్సన్, బల్గేరియా వధువుగా నటించిన జాయ్ పేజ్. మిగిలినవారు ఇతర దేశాల నుండి వచ్చినవారు. వారిలో చాలామంది నాజీల మూలాన ఇల్లూ వాకిలీ వదిలినవారు.

జర్మన్ మేజర్ స్ట్రాసర్ పాత్ర ధరించిన కాన్రాడ్ ఫైట్ జర్మనీలో మహానటుడు. ఆయన భార్య యూదు స్త్రీ. జాతి వివరాలు కోరే ప్రభుత్వ పత్రంలో, తాను యూదుడు కాకపోయినా, యూదుడననే రాసి 1933లో దేశం విడిచాడు. హాలీవుడ్ ఆయనకు ఇచ్చినవి ఎక్కువగా నాజీ పాత్రలే. ఎవరిని ద్వేషించి దేశం విడిచాడో వారి దుస్తులే తొడుక్కుని తెరపై నిలిచాడు. చిత్రం విడుదలయిన కొద్ది మాసాలకే, 1943 ఏప్రిల్‌లో, యుద్ధం ముగియడం చూడకుండానే కన్నుమూశాడు.

జూదపు బల్ల వద్ద చక్రం తిప్పే ఎమిల్‌గా కనిపించే మార్సెల్ దాలియో ఫ్రాన్సులో ప్రముఖ నటుడు. జాన్ రెన్వా చిత్రాలలో ముఖ్యపాత్రలు ధరించినవాడు. పారిస్ ఆక్రమణ తరువాత నాజీలు ఆయన ముఖచిత్రాన్ని గోడపత్రికలపై అచ్చువేసి, యూదుని పోలికలు ఇవీ అని ఊరంతా అంటించారు. ఆయన తల్లిదండ్రులు నిర్బంధ శిబిరాలలో మరణించారు. జాతీయగీతం పాడుతూ కన్నీరు పెట్టుకున్న ఇవాన్ పాత్రధారిణి మాడ్లెన్ లెబో అప్పటికి ఆయన భార్య. ఇద్దరూ 1940 జూన్‌లో పారిస్ విడిచి లిస్బన్ చేరి ఓడ ఎక్కారు. వారు సంపాదించిన చిలీ దేశపు వీసాలు దొంగవని తేలడంతో మెక్సికోలో చిక్కుపడి, కెనడా ఇచ్చిన తాత్కాలిక పాస్‌పోర్టులతో అమెరికాలో కాలుపెట్టారు. రెండేళ్ళు తిరగకముందే, దొంగ వీసాలు అమ్మే మధుశాల కథలో నటించారు.

వడ్డన చేసే కార్ల్‌గా నవ్వించిన బుడాపెస్ట్ నటుడు ఎస్.జెడ్. సకాల్ ముగ్గురు అక్కచెల్లెళ్ళు నాజీ శిబిరాలలో అంతమయ్యారు. బల్గేరియా యువకునిగా నటించిన హెల్మట్ డాంటీన్ వియన్నాలో నాజీ వ్యతిరేకిగా పట్టుబడి నిర్బంధ శిబిరంలో ఉండి వచ్చినవాడు. జేబుదొంగగా నటించిన కర్ట్ బోయిస్, అమెరికాలో ఇంగ్లీషే మాట్లాడాలని ముచ్చటపడే ముసలి దంపతులుగా నటించిన లుడ్విగ్ ష్టోసెల్, ఇల్కా గ్రూనింగ్ ఒకప్పుడు బెర్లిన్, వియన్నా రంగస్థలాలపై వెలిగినవారు. ఇక్కడ వారికి దక్కినవి ఒకటి రెండు నిమిషాల పాత్రలు. ఆ చిన్న పాత్రలలో పలికిన యాస అభినయం కాదు. అది వారి అసలు గొంతు.

మరొక వైపు, 1942 మార్చి నుండి కాలిఫోర్నియాలో శత్రుదేశాల పౌరులు రాత్రి 8 గంటల నుండి ఉదయం 6 గంటల దాకా ఇల్లు కదలరాదన్న ఉత్తర్వు అమలులో ఉన్నది. హిట్లర్ నుండి పారిపోయి వచ్చిన జర్మన్ శరణార్థులకు సైతం అది వర్తించింది. పగలు నాజీ వ్యతిరేక చిత్రాలలో పనిచేసిన కొందరు చీకటి పడేసరికి శత్రుదేశీయులుగా ఇళ్ళలో ఉండవలసి వచ్చింది.

మూడు హృదయాలు, ఒక నియమావళి

ఇక ప్రేమకథ. ఇల్సా విక్టర్ లాస్లో భార్య. నిర్బంధ శిబిరంలో భర్త మరణించాడన్న వార్త విన్న తరువాతనే ఆమె పారిస్‌లో రిక్‌ను ప్రేమించింది. పారిస్ విడవవలసిన దినాన భర్త బ్రతికి ఉన్నాడని తెలిసి ఆగిపోయింది. ఇప్పుడు భర్తతో కలిసి కాసాబ్లాంకా వచ్చింది. ఆమెకు కావలసిన ప్రయాణపత్రాలు రిక్ వద్ద ఉన్నాయి. ఇన్‌గ్రిడ్ బెర్గ్‌మన్ ముఖంలో ఈ సందిగ్ధం ఎంత సహజంగా పలికిందో చూసినవారికి తెలుసు. ఇల్సా చివరకు ఎవరితో వెళుతుందో చిత్రీకరణ చాలా దూరం సాగేదాకా ఆమెకే చెప్పలేకపోయారట!

అయినా ఆ ముగింపు వేరుగా ఉండే అవకాశం స్వల్పమే. 1934 నుండి హాలీవుడ్ చిత్రాలన్నింటిపై ఒక నీతి నియమావళి గట్టిగా అమలవుతూ ఉన్నది. వివాహిత భర్తను విడిచి ప్రియునితో వెళ్ళిపోయి సుఖపడడం ఆ నియమావళి ప్రకారం తెరపై చెల్లదు. వీసా కోసం వచ్చిన స్త్రీలను పోలీసు అధికారి రెనో లొంగదీసుకునే వైనాన్ని కూడా అధికారులు అభ్యంతరపెట్టారు. రచయితలు దానిని తీసివేయక సూచనప్రాయం చేశారు. భర్త జూదంలో గెలవకపోతే తన గతి ఏమిటని బల్గేరియా వధువు రిక్‌ను అడిగే సన్నివేశంలో ఒక్క అసభ్యపదమూ లేదు. అయినా కాగితం కోసం స్త్రీలు చెల్లించిన మూల్యం అందులో స్పష్టంగా తెలుస్తుంది.

నియమావళి విధించిన ముగింపుకు యుద్ధకాలం కొత్త అర్థమిచ్చింది. విమానాశ్రయంలో రిక్ ఇల్సాను ఆమె భర్తతో పంపివేస్తాడు. ఈ వెర్రి లోకంలో తమ ముగ్గురి వెతలు ఏపాటివి అంటాడు. చిత్రం విడుదలయిన నాటికి అమెరికాలో ఊరూరా రైలు స్టేషన్లలో యువతులు భర్తలకు, ప్రియులకు వీడ్కోలు చెబుతున్నారు. వారిలో చాలామంది తిరిగి రారని అందరికీ తెలుసు. ఆ విరహం వ్యర్థం కాదనీ, దానికి ఒక ప్రయోజనం ఉన్నదనీ చెప్పే కథ వారికి కావలసి వచ్చింది. యుద్ధ సమాచార శాఖ పరిశీలకులు ఈ చిత్రంలో మెచ్చినది కూడా అదే: ఫాసిజాన్ని ఓడించే కర్తవ్యం ముందు వ్యక్తిగతమైన కోరిక వెనుకకు తగ్గాలన్న సందేశం.

ఒక విషయం మాత్రం నేటి ప్రేక్షకుల కంట పడక మానదు. తమ అందరి తరఫునా నీవే ఆలోచించమని ఇల్సా రిక్‌కు అప్పగిస్తుంది. ఆమె జీవితాన్ని ఇద్దరు పురుషులు తమలో తాము నిర్ణయిస్తారు. అదే సంవత్సరం అమెరికాలో లక్షలాది స్త్రీలు విమాన కర్మాగారాలలోనూ ఓడ నిర్మాణ కేంద్రాలలోనూ యంత్రాలు నడుపుతున్నారు. జీవితం సాగిన దూరం చిత్రం సాగలేదు.

పొగమంచు వెనుక

యుద్ధం కథలోకి మాత్రమే కాక చిత్రనిర్మాణంలోకి కూడా ప్రవేశించింది. రంగాలంకరణకు కొత్త సామగ్రిపై ఒక్కొక్క చిత్రానికి 5,000 డాలర్లకు మించి ఖర్చు చేయరాదని ప్రభుత్వం శాసించింది. అందుచేత ఇతర చిత్రాల కోసం కట్టిన వీధులనూ రైల్వే స్టేషనునూ మార్చి మార్చి వాడుకున్నారు. రాత్రివేళ విమానాశ్రయాలలో చిత్రీకరణ సాధ్యం కానందున చివరి ఘట్టాన్ని స్టూడియో లోపలనే తీశారు. వెనుక నిలిచిన విమానం అసలు పరిమాణం కంటె చిన్నదిగా చేసిన నమూనా. అది పెద్దదిగా కనిపించడానికి దాని చుట్టూ పొట్టివారిని నిలబెట్టారు. లోపాలు బయటపడకుండా యంత్రాలతో దట్టమైన పొగమంచు కల్పించారు. ప్రేమికుల వియోగానికి ప్రతీక అని విమర్శకులు కొనియాడిన ఆ మంచు పుట్టుక ఇది.

చరిత్ర కూడా చిత్రానికి కలిసివచ్చింది. 1942 నవంబరు 8న అమెరికా, బ్రిటిష్ సేనలు మొరాకో, అల్జీరియా తీరాలలో దిగాయి. మూడు రోజులలో కాసాబ్లాంకా వశమయింది. అంతదాకా పటంలో ఎక్కడున్నదో తెలియని ఊరి పేరు పత్రికల పతాక శీర్షికలకెక్కింది. ఆ దండయాత్రలో రిక్ పాల్గొన్నట్టు ఒక ఘట్టం కలపాలని నిర్మాతలు తలచి, మళ్ళీ మానుకున్నారు. నవంబరు 26న న్యూయార్కులో తొలి ప్రదర్శన జరిగింది. డిసెంబరు 31 రాత్రి అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ శ్వేతభవనంలో ఈ చిత్రాన్ని చూశాడు. రెండు వారాలకే ఆయన చర్చిల్‌తో సమావేశానికి కాసాబ్లాంకా వెళ్ళాడు. ఆ సమావేశం సాగుతుండగా, 1943 జనవరి 23న, చిత్రం దేశమంతటా విడుదలయింది. 1944 మార్చిలో ఉత్తమ చిత్రంగా ఆస్కార్ బహుమతి పొందింది. దర్శకునికీ రచయితలకూ కూడా బహుమతులు లభించాయి.

చిత్రం చెప్పనివి

ఒక యుగపు అద్దం ఆ యుగం చూడదలచుకున్న ముఖాన్నే చూపుతుంది. చిత్రంలో అమెరికా శరణార్థుల స్వర్గం. నిజానికి ఆ స్వర్గద్వారం తెరిచి ఉన్నది కొందరికే. 1924 నాటి శాసనం దేశాలవారీగా వలసలకు కఠినమైన పరిమితి విధించింది. 1939లో 937 మంది ప్రయాణికులతో, అత్యధికులు యూదులతో, బయలుదేరిన సెయింట్ లూయీ ఓడకు క్యూబాలోనూ అమెరికాలోనూ రేవు దొరకలేదు. అది ఐరోపాకు తిరిగిపోయింది. తరువాత వారిలో 250 మందికి పైగా నాజీల చేతులలో మరణించారు. కాసాబ్లాంకాలో వీసాలకు అడ్డుపడినవాడు ఫ్రెంచి అధికారి రెనో అని చిత్రం చూపింది. అమెరికా కాన్సలేటు గుమ్మం ముందు వేచిన వరుసలను చూపలేదు.

రెనో చివరకు విషీ నీటి సీసాను చెత్తబుట్టలో పారవేసి రిక్ పక్కన నడుస్తాడు. కాని అమెరికా ప్రభుత్వం 1942 నవంబరు దాకా ఆ విషీ ప్రభుత్వంతో దౌత్య సంబంధాలు నెరపింది. సేనలు దిగిన తరువాత కూడా విషీ నాయకుడు అడ్మిరల్ దార్లాన్‌నే ఉత్తర ఆఫ్రికాలో అధికారంలో ఉంచింది. స్థానిక విషీ వర్గాలు నొచ్చుకుంటాయన్న శంకతో, ఉత్తర ఆఫ్రికాలోని అమెరికన్ సైనికులకు ఈ చిత్రం చూపకుండా యుద్ధ సమాచార శాఖ నిలిపివేసింది!

శామ్ పాత్ర ఆనాటి హాలీవుడ్‌లో నీగ్రో నటులకు దక్కిన పాత్రలన్నింటికంటె గౌరవప్రదమైనది. అతడు రిక్‌కు ఆప్తమిత్రుడు, అతని గాయం తెలిసినవాడు. అయినా రిక్‌ను యజమాని అనే పిలుస్తాడు. ఇల్సా అతనిని కుర్రవాడు అనే అర్థం వచ్చే మాటతో ప్రస్తావిస్తుంది. ప్రజాస్వామ్యం కోసం పోరాడుతున్న అమెరికా సైన్యంలో నల్లవారి దళాలు వేరు, తెల్లవారి దళాలు వేరు. ఆ విభజనను రద్దు చేసే ఉత్తర్వు 1948లో గాని రాలేదు.

అన్నింటికంటె పెద్ద మౌనం మొరాకో ప్రజలది. వారి నేలపై కథ జరుగుతుంది. కథలో వారికి స్థానం లేదు. బజారులో అమ్మేవారుగా, గుమ్మం వద్ద నిలబడేవారుగా మాత్రమే కనిపిస్తారు. స్వేచ్ఛాగీతమై మధుశాలలో మ్రోగిన ఫ్రెంచి జాతీయగీతం, మొరాకో వాసికి తనను పాలించేవారి గీతం. 1943 జనవరి 22న రూజ్‌వెల్ట్ మొరాకో సుల్తానుకు విందు ఇచ్చినప్పుడు వలసపాలన అంతరించాలన్న ఆశ అక్కడివారిలో చిగురించింది. 1944 జనవరిలో జాతీయవాదులు స్వాతంత్ర్య ప్రకటన పత్రం వెలువరించారు. స్వాతంత్ర్యం 1956లో వచ్చింది.

ఈ మౌనాన్ని భారతీయ ప్రేక్షకులు సులభంగా గుర్తించగలరు. 1939 సెప్టెంబరు 3న వైస్రాయి లిన్‌లిత్‌గో ప్రజాప్రతినిధులను సంప్రదించకుండానే భారతదేశాన్ని యుద్ధంలో దింపాడు. 1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు విశాఖపట్నం, కాకినాడలపై బాంబులు వేసి యుద్ధాన్ని తెలుగునాటి ముంగిటికి తెచ్చాయి. ‘కాసాబ్లాంకా’ చిత్రీకరణ ముగిసిన 5 రోజులకు, ఆగస్టు 8న, బొంబాయిలో క్విట్ ఇండియా తీర్మానం వెలువడింది. తెల్లవారేసరికి నాయకులందరూ నిర్బంధంలో ఉన్నారు. యుద్ధంలో పక్షం ఎంచుకునే అవకాశం రిక్‌కు ఉన్నది. అతడు తల ఊపగలడు, ఊపక మానగలడు. ఆ అవకాశం కూడా లేని జాతులు ఆనాడు భూగోళంలో సగానికి ఉన్నాయి.

కత్తెరలు, జ్ఞాపకాలు

యుద్ధం నాటి రాజకీయం ఈ చిత్రాన్ని చాలాకాలం వెన్నాడింది. తటస్థ దేశమయిన ఐర్లండు 1943లో దీనిని నిషేధించి, 1945లో కత్తిరింపులతో అనుమతించింది. పశ్చిమ జర్మనీలో 1952లో విడుదలయిన ప్రతిలో ఒక్క నాజీ కూడా లేడు. మేజర్ స్ట్రాసర్ మాయమయ్యాడు. జాతీయగీతం దృశ్యం మాయమయింది. ప్రతిఘటన నాయకుడు లాస్లో నార్వేకు చెందిన అణుశాస్త్రవేత్తగా మారిపోయాడు. 102 నిమిషాల చిత్రంలో సుమారు 25 నిమిషాలు కత్తెరకు బలి అయ్యాయి. నిన్నటి నేరాన్ని అద్దంలో చూసుకోవడానికి ఆ దేశం ఇంకా సిద్ధపడలేదు. పూర్తి చిత్రాన్ని జర్మన్లు 1975లో గాని చూడలేదు.

అమెరికాలో మాత్రం ఇది కొత్త తరం చేతులలో కొత్త జన్మ ఎత్తింది. 1957లో బోగార్ట్ మరణించిన తరువాత హార్వర్డ్ విశ్వవిద్యాలయానికి సమీపాన ఉన్న బ్రాటిల్ ప్రదర్శనశాలలో ఆయన చిత్రాలు వరుసగా వేశారు. యుద్ధం చూడని విద్యార్థులు పరీక్షల రోజులలో ఈ చిత్రానికి వచ్చి, సంభాషణలను పాత్రలతోపాటు వల్లించారు. 1989లో అమెరికా ప్రభుత్వం భద్రపరచదగినవిగా ఎన్నిక చేసిన మొదటి 25 చిత్రాలలో ఇది ఒకటి.

ప్రేమకథలు లోకంలో కొరవడలేదు. వాటిలో ఎక్కువ భాగం ప్రేమికులు కలుసుకోవడంతోనో మరణించడంతోనో ముగుస్తాయి. ‘కాసాబ్లాంకా’లో అవి రెండూ జరగవు. అందరూ బ్రతికి ఉంటారు. చేయవలసిన పని కోసం విడిపోతారు. పక్షం ఎంచుకోవడానికి వ్యక్తి ఏదో ఒకటి పోగొట్టుకోక తప్పదని ఆ తరం నమ్మింది. ఆ నమ్మకమే చిత్రానికి ప్రాణం. దాని లోపాలు కూడా ఆ తరానివే.

మాడ్లెన్ లెబో 2016 మే 1న మరణించింది. పేర్లు వేసిన నటవర్గంలో చివరిదాకా మిగిలినది ఆమెయే. 1942 వేసవిలో, జర్మన్ల చేతిలో ఉన్న తన పారిస్‌ను మళ్ళీ చూస్తానో లేదో తెలియని 19 ఏళ్ళ యువతిగా, స్టూడియో దీపాల వెలుగులో నిలబడి ఆమె తన దేశపు పాట పాడింది. ఆమె కంట నీరు తెప్పించడానికి దర్శకునికి గ్లిసరిన్ అవసరం కలిగి ఉండదు.